మా రోజుల్లో జెండాకు ఇస్త్రీ చేసేవాళ్లం

ఆగస్టు 16 పొద్దున్నే అనంతపురంలో ఏ వీధిలోనైనా నడిచి చూడండి. ముందురోజు బైకుల హ్యాండిళ్లకు, ఆటోల అద్దాలకు కట్టిన జెండాలు సగానికి సగం రోడ్డు మీదే ఉంటాయి. కొన్ని మురిక్కాలువలో, కొన్ని టీకొట్టు ముందు పేపరు కప్పుల మధ్య. అది పాలిస్టర్ గుడ్డ. మట్టిలో కలవదు, ఒక్క వాన పడితే కాలువకు అడ్డం పడి నీళ్లు ఆపుతుంది. నేను వంగి ఏరుకుంటూ పోతాను. చూసినవాళ్లు "పెద్దాయనా, నీకెందుకప్పా, మున్సిపాలిటీవాళ్లు ఎత్తుకుంటార్లే" అంటారు. ఎత్తుకుంటారు, కాదనను. ఎత్తుకుపోయి యాడ పోస్తారో కూడా చూశాను. చిరిగిన జెండాను నలుగురి కంట పడకుండా, మర్యాదగా, పూర్తిగా కాల్చేయాలని జెండా నిబంధనల్లో రాసి ఉంది. కాగితం జెండానైనా నేల మీద పారేయకూడదని కూడా రాసి ఉంది. ఆ ముక్క ఈ కాలపు పిల్లలకు ఏ అయ్యవారూ చెప్పడం లేదు.

మా రోజుల్లో బడికి ఒకటే జెండా. ఖద్దరుది. నేను చదివిందీ, తర్వాత పంతులుగా పనిచేసిందీ ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు పల్లెబడుల్లో. హెడ్మాస్టరు గదిలో ఇనుప బీరువా పై అరలో, ఉతికిన పంచెముక్కలో చుట్టి, కలరా ఉండలు వేసి పెట్టేవాళ్లు. పండగకు రెండు రోజుల ముందు తీసి, కుంకుడు రసంలో నానబెట్టి, నీడలోనే ఆరేసేవాళ్లం. మా ఎండకు ఆరేస్తే కాషాయం వెలిసిపోతుంది. ఊళ్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉన్నాయన బడికి వచ్చి ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. దానికి డబ్బు తీసుకోమంటే కోపం చేసుకునేవాడు.

మడవడం డ్రిల్లు సారు నేర్పేవాడు. ముందు జెండాను అడ్డంగా పరచాలి. కాషాయం పట్టీ, ఆకుపచ్చ పట్టీ రెండూ తెలుపు కిందికి మడవాలి. తర్వాత రెండు పక్కల నుంచీ మధ్యకు మడుచుకుంటూ వస్తే చక్రం పైకి నిలుస్తుంది, దాని పక్కన కాషాయం, ఆకుపచ్చ కొద్దికొద్దిగా కనబడతాయి. దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని నడవాలి. చంకలో పెట్టుకున్న పిల్లవాణ్ని మళ్లీ బీరువా దాకా వెనక్కి పంపిన సారును చూశాను. కొయ్యకు కట్టేటప్పుడు ఇంకో పద్ధతి. లోపల గన్నేరుపూల రెక్కలు వేసి, చుట్టి, జారుముడి వేయాలి. తాడు ఒక్క లాగుకు ముడి ఊడాలి. ముందురోజు సాయంత్రం బస్తాగుడ్డతో అభ్యాసం చేయించేవాళ్లు, అసలు జెండాతో కాదు. ఎగరేయడం చురుగ్గా ఎగరేయాలి, దించడం మాత్రం నెమ్మదిగా, మర్యాదగా దించాలి. ఆగస్టు మాకు గాలికాలం. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి ఖద్దరు జెండా పటపటమని కొట్టుకుంటుంటే ఊరి చివరి దాకా వినబడేది.

పొద్దు మునిగేలోపల దించాలి. ప్రభాతభేరి అయిపోయి, ఉపన్యాసాలు అయిపోయి, బొరుగులూ బెల్లమూ పంచి, అందరూ ఇళ్లకు పోయినా సరే, ఇద్దరు పిల్లలూ ఒక అయ్యవారూ ఆ కొయ్య దగ్గర ఉండిపోయేవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకడుగా ఉండాలని పోటీ పడేవాళ్లం. ఇప్పుడు జనం తమ ఇళ్ల మీద రాత్రీపగలూ ఎగరేసుకోవచ్చని 2022 జులైలో నిబంధన మార్చారు. దించే పని తప్పాక దించేవాడు కూడా లేకుండా పోయాడు. ఈ మధ్య ఒక ప్రభుత్వ కార్యాలయం మీద జనవరిలో కట్టిన జెండాను ఏప్రిల్లో చూశాను. కాషాయం పాలిపోయింది, ఆకుపచ్చ అంచు దారాలు దారాలుగా వేలాడుతోంది. లోపలికి పోయి చెప్పాను. అటెండరు సెలవులో ఉన్నాడు సార్ అన్నారు. మళ్లీ వారం పోయి చూస్తే అలాగే ఉంది. మూడోసారి పోయి నేనే దించుతానన్నాక అప్పుడు నిచ్చెన తెచ్చారు.

ఇంటింటా జెండా ఉండాలనే కోరికను నేను తప్పు పట్టను. సామాన్యుడికి తన ఇంటి మీద జెండా ఎగరేసుకునే హక్కు ఉందని 2004లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. నా బాధంతా గుడ్డ గురించి. 2021 దాకా జాతీయ జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డే. నూలైనా, ఉన్నైనా, పట్టైనా ఖాదీయే కావాలి. ఆ ఏడాది డిసెంబరులో నిబంధన సవరించి పాలిస్టరుకూ, మిషను గుడ్డకూ తలుపు తీశారు. మరుసటి ఆగస్టులో ఇంటింటా త్రివర్ణం వచ్చింది. మన గుంతకల్లులో రైలెక్కితే బళ్లారి, హోస్పేట, గదగ్ దాటాక హుబ్బళ్లి. అక్కడి బెంగేరిలో కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం బీఐఎస్ ముద్రతో జెండాలు కుడుతుంది. వడకడం, నేయడం, రంగు వేయడం, చక్రం అచ్చువేయడం, కుట్టడం, ప్రతి మెట్టులో కొలత తప్పితే ఆ గుడ్డ పక్కకు పోతుంది. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిన పండగ వాళ్లకు పండగ కావలసింది. వాళ్లు ఆ ఏడు నిరసనకు కూర్చున్నారు.

మన దగ్గర ఉరవకొండలో మగ్గాలున్నాయి, ధర్మవరంలో వీధివీధికీ మగ్గాలున్నాయి. పట్టు నేసే చేతులకు నూలు నేయడం చేతకాక కాదు. రెండేళ్ల ముందు నుంచి నూలిచ్చి, కూలిచ్చి, ఆ మగ్గాల మీద జెండా గుడ్డ నేయించి ఉంటే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగేది! బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో 1921లో జెండా నమూనాను గాంధీగారి చేతిలో పెట్టిన పింగళి వెంకయ్యను ఆ రోజుల్లో పత్తి వెంకయ్య అనేవాళ్లు. పత్తి రకాల మీద ఆయన అంత పని చేశాడు. పత్తి మనిషి రూపు దిద్దిన జెండాను పెట్రోలియం దారంతో తయారుచేస్తుంటే నాకు కడుపు మండుతుంది. మండుతుందనే రాస్తున్నాను.

బడి ప్రార్థన సంగతి కూడా ఇలాగే ఉంది. రోజూ పొద్దున పిల్లలు చేయి చాపి చెప్పే ప్రతిజ్ఞను రాసింది తెలుగువాడు, పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశంలోని బడులన్నిటా మొదలైంది. జనగణమనకైతే మా సీమ చుట్టరికమే ఉంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చి ఉండి, ఆ పాటను అక్కడే ఇంగ్లీషులోకి రాసుకున్నారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కట్టారు. మా అయ్యవార్లు ఈ సంగతి చెప్పి, కదిరి దాటితే మదనపల్లే కదా అని దిక్కు చూపించేవాళ్లు. మేం పాడేటప్పుడు ఆ దిక్కు గుర్తుండేది. ఇప్పుడు స్పీకరులో రికార్డు వేస్తున్నారు. పిల్లలు నోరు కదిపితే కదుపుతారు, లేకపోతే లేదు.

ఇక మన రాష్ట్రం గుర్తుల దగ్గరికి వస్తాను. రాష్ట్రం విడిపోయాక 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త జాబితా ఇచ్చింది. చెట్టు వేప, జంతువు కృష్ణజింక, ఈ రెండూ పాతవే. పక్షి మారింది, పువ్వు మారింది. పాలపిట్ట పోయి రామచిలుక వచ్చింది. కలువ పోయి మల్లె వచ్చింది. ఎందుకు మార్చారో ఊళ్లలో ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పాలపిట్ట ఈ పొద్దు తెలంగాణది, కర్ణాటకది, ఒడిశాది. మనది మాత్రం కాదు. దసరా నాడు ఊరి బయటికి పోయి జమ్మిచెట్టుకు మొక్కి, పాలపిట్ట కనబడేదాకా తల పైకెత్తుకుని తిరిగిన ఊళ్లు మావి. దున్నిన చేల మీద పురుగుల్ని ఏరుకుతిని రైతుకు మేలు చేసే పిట్ట అది. ఇప్పటికీ కళ్యాణదుర్గం రోడ్డులో కరెంటు తీగల మీద కూర్చుని ఉంటుంది, రెక్క విప్పితే ఆ నీలం మెరుస్తుంది. చిలుకనేమో సజ్జ చేలలో, జొన్న చేలలో మంచె ఎక్కి వడిసెలతో తోలిన కాలం మాది. అందమైన పిట్టే, కాదనను. రాష్ట్రానికి గుర్తుగా నిలబెట్టాలంటే మాత్రం ఈ నేలకే చెందిన పిట్టలు లేవా? కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరి కంటా పడకుండా పోయి, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. మన గడ్డ మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉన్నట్టు ఆనవాలు లేని పక్షి. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. మా నాయన చిన్నప్పుడు మా వైపు బీళ్లలో కూడా దాన్ని చూశానని చెప్పేవాడు. నేను చూడలేదు. ఇలాంటి పక్షికి రాష్ట్ర గుర్తింపు ఇస్తే దాన్ని బతికించుకోవాలని ఒక్కరికైనా పట్టుదల పుట్టేది. ఊరూరా దొరికే చిలుకకు ఆ అవసరం ఏముంది?

కలువ పోయినందుకు ఇంకా ఎక్కువ బాధ. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది, అదీ పడిన ఏడు. అనంతపురం అన్న పేరే అనంతసాగరం చెరువును బట్టి వచ్చిందంటారు. పక్కనే బుక్కరాయసముద్రం, అటు శింగనమల, ఇటు ధర్మవరం, బుక్కపట్నం, ఎటు చూసినా రాయల కాలపు చెరువులే. చెరువు నిండిన ఏడు కలువలు వచ్చేవి. కలువ వచ్చిందంటే పశువులకు నీళ్లున్నట్టు, బావులకు ఊట ఉన్నట్టు, కార్తీకం దాకా భయం లేనట్టు. రాష్ట్రపు పువ్వు కలువ అని బడిలో చెప్పినప్పుడు మాకు చెరువే కనబడేది. మల్లె బజారులో మూర లెక్కన కొనుక్కునే పువ్వు. చెరువుల్లో కంప మొలిచి, కట్టలు తెగి, తూములు పూడిపోయిన రోజుల్లో కలువను జాబితాలోంచి తీసేయడం నాకు సరిగా తోచలేదు. దాన్ని ఉంచి చెరువులు బాగుచేసి ఉండాల్సింది.

జింకను మాత్రం మార్చలేదు. ఉంచి ఏం చేశారో వచ్చి చూడమని ఆ జాబితా రాసినవాళ్లను అడుగుతున్నాను. ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు, బెళుగుప్ప మండలాల నల్లరేగడిలో శనగ మొలక పైకి లేచే కాలానికి రండి. తెల్లవారుజామున మంచులో మంద నిలబడి ఉంటుంది. మధ్యలో ఇర్రి, వీపు నల్లగా, పొట్ట తెల్లగా, మెలితిరిగిన కొమ్ములు పైకెత్తి చూస్తుంటుంది. మనిషి అడుగు వినబడితే ఒకటి ఎగురుతుంది, వెనకాలే మందంతా ఎగురుకుంటూ పోతుంది. దాని అందం చూసి నాకు ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అవి పోయాక చేలోకి దిగి చూడండి. మొలక తల లేకుండా మోడు నిలబడి ఉంటుంది, సాలు పొడవునా అలాగే. రైతు మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ గొర్రు కట్టాలి, మళ్లీ వాన కోసం చూడాలి. చేను చుట్టూ పాత చీరలు కడతారు, డబ్బాలు వాయిస్తారు, టపాకాయలు కాలుస్తారు, మంచంతోసహా చేలోనే పడుకుంటారు. మా పక్క ఊరి రైతు ఒకాయన నాతో అన్నాడు: "సార్, దాన్ని కొడితే జైలు, కొట్టకుంటే అప్పు. ఏం చేయమంటావు నువ్వే చెప్పు."

కొట్టమని నేను చెప్పను. 1972 వన్యప్రాణి చట్టంలో దానికి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, ఉండాల్సిందే. మా రోజుల్లోనూ జింకలుండేవి, ఇంత గొడవ ఉండేది కాదు. ఊరికీ ఊరికీ మధ్య బీడు ఉండేది, బీట్లో గడ్డి ఉండేది, వంకల్లో నీళ్లు ఉండేవి. చేలో కొంత తిన్నా "దాని పాలు అది తిన్నది" అని పెద్దవాళ్లు సరిపెట్టుకునేవాళ్లు. ఇప్పుడు బీడు సేద్యంలోకి పోయింది, గాలిమరల కిందికి పోయింది, సోలారు పలకల కిందికి పోయింది. జింక ఎక్కడికి పోవాలి? రాష్ట్ర జంతువు అన్నప్పుడు దానికి మేత భూమి చూపించే బాధ్యత రాష్ట్రానిది. అది తిన్న పంటకు రైతు అడగకుండానే పరిహారం ఇవ్వడమూ రాష్ట్రం పనే. అతను పదిసార్లు తిరిగి దండం పెట్టుకునే పని కాదు. ఈ రెండూ చేయనప్పుడు బడిగోడ మీద జింక బొమ్మ వేయించడం వల్ల జింకకూ లాభం లేదు, రైతుకూ లాభం లేదు.

వేపచెట్టుదీ అదే గతి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు ముందు కొట్టేసినవి అవే. 2021లో తెలుగునాడంతా వేపలు కొమ్మ చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చినప్పుడు జనం దడుసుకున్నారు. చాలావరకు మళ్లీ చిగిర్చాయి. చెట్టు తనంతట తాను బతికింది.

ప్రభుత్వ భవనాల రంగుల గురించి కూడా ఒక మాట. మా రోజుల్లో పంచాయతీ ఆఫీసు అంటే తెల్లసున్నం, కింద ఎర్రమన్ను పట్టీ. ఏ పార్టీ సర్పంచి గెలిచినా అదే సున్నం. తర్వాత ఏ పార్టీ వస్తే ఆ పార్టీ రంగు పూయడం మొదలుపెట్టారు. పంచాయతీ భవనాలకు పూసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోయింది, అక్కడా ఓడింది. పూయడానికీ మన డబ్బే, చెరపడానికీ మన డబ్బే. పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ, హద్దురాళ్ల మీద నాయకుడి పేరు, ఇవన్నీ ఈ కళ్లతో చూశాం. 2024లో కొత్త ప్రభుత్వం పాసుపుస్తకం మీద బొమ్మ తీసి రాజముద్ర వేయాలని నిర్ణయించింది. మంచి పని, మెచ్చుకుంటున్నాను. రాజముద్ర ఇంటి గడప లాంటిది, కాపురం ఉండేవాళ్లు మారినా గడప మారకూడదు. రేపు ఇంకొకరు వచ్చి మళ్లీ తమ బొమ్మ వేయకుండా దీన్ని చట్టం చేయాలి. ఇప్పటి రాజముద్ర 2018 నవంబరులో వచ్చింది. అమరావతి శిల్పంలోని పూర్ణఘటం మధ్యలో ఉంది. చూడముచ్చటగా ఉంది. దాని అర్థం పిల్లలకు చెప్పే పాఠం మాత్రం నాకు కనబడలేదు.

లేపాక్షి బసవన్న పేరు మీద 1964లో నంది అవార్డులు పెట్టారు. హిందూపురం పక్కన ఒక్క రాతిలో తొలిచిన ఆ నందిని తెలుగు సినిమా, నాటకం అంతా తలకెత్తుకుంది. 2017లో మూడేళ్ల అవార్డులు ఒక్కసారి ప్రకటించారు, దాని మీద గొడవ లేచింది, ఆ తర్వాత సినిమా అవార్డులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. మా సీమ గుర్తుగా ఊరూరా తెలిసిన ఒక్క పేరును అలా వదిలేశారు. రాష్ట్రం పుట్టినరోజుదీ అంతే. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్రరాష్ట్రం, 1956 నవంబరు 1న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పుట్టాయి. మా ఇల్లూరు నీలం సంజీవరెడ్డిగారే దానికి మొదటి ముఖ్యమంత్రి. బడికి సెలవిచ్చి మిఠాయి పంచేవాళ్లు. 2014 తర్వాత ఒక ప్రభుత్వం ఆ రోజును జరుపుతుంది, ఇంకొకటి జరపదు. పిల్లలు అడిగితే ఏ తేదీ చెప్పాలి?

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను తొలిచేది నాలుగు సింహాల గుర్తు. 1950 జనవరి 26 నుంచి అది దేశానికి ముద్ర. ప్రతి నోటు మీద, ప్రతి స్టాంపు కాగితం మీద ఉంటుంది. సారనాథ్‌లో ఆ సింహాలను నిలబెట్టించిన అశోకుడి మాటలు గుత్తికి పదిహేను కిలోమీటర్ల లోపే రాళ్ల మీద ఉన్నాయని అనంతపురం జిల్లాలో ఎంతమంది పిల్లలకు తెలుసు? గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి. 2,200 ఏళ్లకు పైబడిన బ్రాహ్మీ అక్షరాలు. పెద్ద శాసనాలు 14, వాటితో చిన్న శాసనాలు కూడా. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి, మడక తిరిగిన సాళ్ల వరసలోనే. రెండో పెద్ద శాసనంలో ఆ రాజు చెప్పుకున్నది ఏమిటంటే, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించాననీ, మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు పెట్టించాననీ. యుద్ధాల్లో గెలిచిన లెక్క కాదు. ఈ కరువు నేల మీద నిలబడి దాన్ని చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

మా హెడ్మాస్టరు ఒకాయన మమ్మల్ని ఎద్దుల బండ్లలో అక్కడికి తీసుకుపోయాడు. సద్దిమూటలు కట్టుకుని, రాత్రి గుత్తి కోట కింద పడుకుని, తెల్లవారి పోయాం. ఆయన ఒక్కొక్క అక్షరం వేలితో చూపించాడు. ఇప్పుడు బడులకు బస్సులున్నాయి, విహారయాత్రలకు బెంగళూరు వాటర్ పార్కుకు పోతున్నారు.

జిల్లా విద్యాశాఖకు నేను అడిగేది ఒకటే. వచ్చే ఆగస్టు 15కు ముందే ప్రతి ఉన్నత పాఠశాల నుంచి పదో తరగతి పిల్లలను ఎర్రగుడికి పంపించండి. రెండో శాసనం అర్థం తెలుగులో అచ్చువేసి చేతికివ్వండి. తిరిగి వచ్చాక పండగ నాడు బడికి ఒక్క ఖద్దరు జెండా కొనండి, పాలిస్టరువి వంద వద్దు. పొద్దు మునిగేలోపల దాన్ని దించడానికి ఇద్దరు పిల్లల పేర్లు నోటీసుబోర్డు మీద రాయండి. ఎర్రగుడిలో పిల్లలకు చెప్పడానికి మనిషి కావాలంటే నన్ను పిలవండి, బస్సు చార్జీ నేనే పెట్టుకుని వస్తాను.